భుజానికీ చంకకీ మధ్య

నేను ఒక తువ్వాలును. తెల్లటి నూలు, ఎర్రటి అంచు. తువ్వాలుకు ఆత్మకథ ఏమిటని నవ్వుతారేమో, నవ్వండి. మీ చెమట తుడిచాను. మీ మూతి తుడిచాను. ఎండలో మీకు తలపాగా అయ్యాను, పొలం గట్టు మీద మీ అన్నం మూట అయ్యాను. ఆ చాకిరీ గురించి చెప్పుకోవడానికి నోరు విప్పలేదు. మనిషి భుజం మీద నుంచి చంకలోకి నేను దిగిన సంగతి చెబుతాను. జానెడు దూరం. ఆ జానెడు దూరంలో ఒక ఆడమనిషి చచ్చిపోయింది.

కాలవ అవతల సాలీల వీధిలో ఒక గుంటమగ్గం మీద పుట్టాను. నన్ను నేసినవాడి ఒంటి మీద నిలువునా చిరిగిన గుడ్డ ఉండేది. వాడు ఊరంతటికీ భుజాలు కప్పాడు గానీ తన భుజం సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి సంగతి అది. ఒకే పడుగు మీద మమ్మల్ని ఇద్దరిని నేసి, జతగా మడిచి సంతకు పంపాడు. నాకూ నా జతకూ ఒక్క పోగు తేడా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సంతలో మమ్మల్ని కొన్నది చెల్లాయమ్మ. ఆమె మొగుడు అబ్బులు వెనకాల నిలబడి ఉన్నాడు. బేరమంతా ఆమెదే.

"ఈ ఎరుపు నీళ్లలో వేస్తే కాలవంతా పారాణి పూసుకోదు గదా?" అంది.

"రంగు పోతే తెచ్చి నా మొహాన కొట్టమ్మా" అన్నాడు అమ్మేవాడు.

"కొడతాను. వచ్చే సంతకి మొహం తీసుకురావడం మర్చిపోకు."

అలా నవ్వుతూ నవ్వుతూ బేరం తెంపింది. నేను అబ్బులుకి. నా జత పేర్రాజుకి, కొత్త ఇంటి గృహప్రవేశంలో పెట్టడానికి.

పేర్రాజు అబ్బులుకి స్వయానా మేనమామ కొడుకు. పేర్రాజు రెండేళ్లు పెద్ద, అందుకని 'బావా' అని పిలుపు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి. పంతులు ఇద్దరినీ ఒకే బెత్తంతో కొట్టాడు. తర్వాత పేర్రాజు తండ్రి ఎందుకూ పనికిరాని చవుడు నేలలో చేపల చెరువు తవ్వించాడు. ఆ ఏడు చేపకి ధర వచ్చింది. అబ్బులు తండ్రి అదే ఏడు వరి వేశాడు. గాలివాన వచ్చింది. అంతే జరిగింది. ఇందులో ఒకడి తెలివీ లేదు, ఇంకొకడి సోమరితనమూ లేదు. ఒక చెరువు నాలుగైంది, నాలుగు పదిహేనైంది. అబ్బులు సొంత చేను పోయింది. పేర్రాజు పొలమే కౌలుకి తీసుకుని దున్నుకుంటున్నాడు. అయినా ఆ గృహప్రవేశం రోజు దాకా వాడికి పేర్రాజు బావే.

ఆ రోజు నేను అబ్బులు భుజం మీద ఉన్నాను. గంజి వదలని కొత్త బట్టను, బిగుసుకుని కూర్చున్నాను. అంచుకి పసుపు బొట్టు పెట్టిన నా జత చెల్లాయమ్మ చేతిలో ఉంది. వరండాలో పట్నం నుంచి వచ్చినవాళ్లు సోఫాల్లో కూర్చుని ఉన్నారు. గేటు దాటుతూనే అబ్బులు గొంతెత్తాడు.

"బావా! ఇల్లు కట్టమంటే కోట కట్టావేంటి!"

వరండాలో మాటలు ఆగాయి. సోఫాలో ఒకాయన అబ్బులు కాళ్ల వైపు చూసి, తర్వాత పేర్రాజు వైపు చూశాడు.

"మీ బంధువులా?"

పేర్రాజు నోరు తెరిచాడు. "ఆఁ..." అన్నాడు. కాసేపు ఆ 'ఆఁ' అక్కడే వేలాడింది. తర్వాత నవ్వేశాడు. "మా చెరువుల దగ్గర మనిషి."

కసిరింది లేదు. చీదరించుకుంది లేదు. "అబ్బులూ, భోంచేసి వెళ్లరా" అని కూడా అన్నాడు, నవ్వుతూనే. కత్తితో పొడిచి ఉంటే అబ్బులు తిరిగి ఒక మాటైనా అనేవాడు. అన్నం తినమన్నవాడిని ఏమంటాడు?

అప్పుడు అబ్బులు చెయ్యి లేచింది. నన్ను పట్టుకుంది. భుజం మీద నుంచి లాగి, ఉండలా చుట్టి, ఎడమ చంకలో కుక్కింది. ఎవరూ దించమనలేదు. పేర్రాజు చూడనైనా లేదు. ఆ చేతికి ఆ దారి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. మీకు తెలిసి ఉంటుంది. మీరూ ఏదో ఒక గేటు ముందు నన్ను దించినవాళ్లే.

పేర్రాజు భార్య నా జతను తీసుకుని, పసుపు బొట్టు చూసి, పక్కకి తిరిగింది. "దానయ్యా, కారుకి గుడ్డ లేదన్నావుగా, ఇదిగో." దానయ్య వాళ్ల డ్రైవరు. వాడు అప్పటికప్పుడే కారు అద్దం తుడిచాడు. ఒకే పడుగు మీద పుట్టిన మా ఇద్దరిలో ఒకరు చంకలోకి, ఒకరు కారు మీదకి. ఆ ఇంటి గుమ్మం దాటకుండానే మా ఇద్దరి పనీ తేలిపోయింది.

రెండో పంక్తిలో తిని ఇంటికి వస్తూ చెల్లాయమ్మ అంది, "మనిషి అన్నాడు కదా, సంతోషించు. గేదె అనలేదు."

"ఊరుకోవే. పెద్దోళ్ల మధ్య ఏదో మాటొచ్చింది."

"వాళ్లు పెద్దోళ్లయితే అయ్యారు. నువ్వెప్పుడు చిన్నోడివయ్యావ్?"

కాలవ గట్టు ఎక్కాక అబ్బులు నన్ను తీసి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. నాలో చంక ముడతలు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత ఎన్ని ఉతుకులు ఉతికినా అవి పోలేదు.

ఆనాటి నుంచి 'బావా' పోయింది. ముందు 'బావగారు' వచ్చింది, తర్వాత ఉత్త 'గారు' మిగిలింది, చివరికి పిలుపే లేకుండా "అదేనండి, ఇదేనండి" అని మొదలుపెట్టి ముగించేయడం అలవాటైంది. పేర్రాజు పిలుపు మాత్రం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ "ఒరే అబ్బులూ" అనే. పిలుపు మార్చుకోవలసిన అవసరం కింద ఉన్నవాడికే వస్తుంది.

కారు హారన్ వినబడితే చాలు, ఎంత పనిలో ఉన్నా అబ్బులు చెయ్యి భుజానికి పోయేది. చెల్లాయమ్మ ఊరుకునేది కాదు. "ఆ హారన్ మోగితే నీ భుజం మీద తేలు పాకుతుందా ఏంటయ్యా?" అనేది. తను మాత్రం పేర్రాజు ఎదురుపడితే కొంగు సర్దుకుని, "ఏం అన్నయ్యా, పొట్ట పెరిగింది, మా చేపలన్నీ నువ్వే తింటున్నావా?" అని అడిగేది. బావమరిది పెళ్లాం చెల్లెలి వరస. ఆమె ఆ వరస వదల్లేదు. పేర్రాజు నవ్వేవాడు. ఆ నవ్వు ఆగేదాకా అబ్బులు ఊపిరి పీల్చేవాడు కాదు. వాడి చంకలో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

వాడిని చూసి జాలిపడకండి. నేను పడలేదు. ఆ గేటు దగ్గర మింగిన మాటలన్నీ ఇంటికి తెచ్చి ఎద్దు మీద కక్కేవాడు, అన్నంలో రాయి తగిలితే చెల్లాయమ్మ మీద కక్కేవాడు. టీకొట్టు దగ్గర ఎవడైనా పేర్రాజుని ఒక మాట అంటే వీడు పోట్లాటకి దిగేవాడు. "ఆయన రాత అది. మనం ఏడిస్తే వస్తుందా?" అనేవాడు. కోతల్లో వీడి చేలోకి కూలికొచ్చిన సింహాచలం భుజం మీద గుడ్డ దించకుండా మాట్లాడాడని, "ఏరా, ఆ గుడ్డ బరువుగా లేదా నీకు?" అని అడిగాడు. సింహాచలం గుడ్డ దించాడు. అప్పుడు నేను అబ్బులు భుజం మీద ఉన్నాను. ఆ భుజం కొంచెం వెడల్పవడం నాకు తెలిసింది. ఇంతకంటే నీచమైన సంగతి నేను చూడలేదు, వాడి చెమట తుడిచిన దాన్నై కూడా చెబుతున్నాను.

ఇంకొక అలవాటు వచ్చింది వాడికి. అవసరాన్ని చిన్నది చేసి చెప్పడం. ఇంటి కప్పు ఎగిరిపోతే "కాస్త కారుతోందండి" అనేవాడు. చేను మునిగితే "కాస్త తడిసిందండి" అనేవాడు. పెద్ద అవసరం చెబితే పెద్దాయనకి ఇబ్బంది. చిన్నది చెబితే, కాదన్నా పెద్దగా పరువు పోదు. ఆ 'కాస్త' వాడి నాలుక మీద పుండులా మిగిలిపోయింది.

ఫాల్గుణం చివర్లో ఒక మధ్యాహ్నం. అబ్బులు అన్నం తిని అరుగు మీద కూర్చున్నాడు. చెల్లాయమ్మ గేదెకి మేత వెయ్యడానికి గడ్డిమేటు దగ్గరికి వెళ్లింది. గడ్డి దూస్తూ ఒక్క అరుపు అరిచి, కుంటుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడింది. చీలమండ పైన రెండు చుక్కలు.

"పామే. కళ్లారా చూశాను" అంది. ఆమె గొంతు నిలకడగానే ఉంది. "ఎల్లు. అన్నయ్యనడిగి కారు తీసుకురా. పట్నం ఆసుపత్రికి పోదాం. నీ తువ్వాలియ్యి, కట్టు కడతాను."

బస్సు సాయంత్రానికి గాని రాదు. ఆ పూట ఊళ్లో కదిలే బండి ఆ కారొక్కటే. అది ఇద్దరికీ తెలుసు. అబ్బులు చెయ్యి నా మీద పడింది. సగం లాగింది. ఆగింది. దండెం మీద ఆరేసిన పాత చీర అందుకుని, దాని కొంగు చింపి ఆమె చేతిలో పెట్టాడు. నేను భుజం మీదే ఉండిపోయాను. తువ్వాలు లేకుండా వాడు ఆ ఇంటికి వెళ్లలేడు. అది లేకపోతే చంకలో ఏం పెట్టుకుంటాడు? నాతో కట్టి ఉంటే ఆమె బతికేదని నేను అనను. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో మాత్రం చెబుతున్నాను.

పక్కింటి మహలక్ష్మి పరిగెత్తుకొచ్చి చెల్లాయమ్మని పట్టుకుంది. వీధిలోకి దిగిన అబ్బులు వెనక నుంచి చెల్లాయమ్మ కేక వేసింది.

"గేటు దగ్గర నిలబడకు! కేకెయ్యి! 'బావా' అని కేకెయ్యి!"

వాడు పరిగెత్తాడు. పరిగెత్తలేదని నేను అనను. ఆ గేటు కనబడేదాకా పరిగెత్తాడు. గేటు కనబడగానే కాళ్లు నడకలోకి దిగాయి. గేటు దగ్గరికొచ్చేసరికి నేను చంకలో ఉన్నాను.

దానయ్య కారు కడుగుతున్నాడు. వాడి చేతిలో నా జత ఉంది. మసి పట్టి, నూనె పట్టి, ఎర్రంచు కనబడితే గాని నేనూ గుర్తుపట్టలేనంతగా పాడైపోయింది.

"ఏం అబ్బులూ, ఈ ఎండలో?"

"ఆయన... లేచారా?"

"ఇప్పుడే నడుం వాల్చారు. లేపనా?"

ఇదిగో, ఇక్కడ. లోకంలో ఇంత తేలికైన ప్రశ్న ఇంకెవడూ అడగడు. 'లేపు' అంటే చాలు. 'పాము' అంటే చాలు.

"వద్దొద్దు. లేచాకే చెబుతాలే. ఇంట్లో దానికి కాస్త ఒంట్లో బాలేదు."

"జ్వరమా?"

"ఆఁ. కాస్త నలతగా ఉంది."

"అయితే ఆ నీడలో కూర్చో" అని దానయ్య మళ్లీ బానెట్ తుడవడంలో పడ్డాడు. వాడి తప్పేం లేదు. వాడు నలత గురించే విన్నాడు.

అబ్బులు కూర్చోలేదు. గేటు పక్కన నిలబడ్డాడు. లోపల కూలర్ చప్పుడు. కిటికీకి వట్టివేళ్ల తడిక. దాని వెనక పేర్రాజు నిద్ర. నన్ను చంకలో నలుపుతూ అబ్బులు పెదాల మధ్య మాట పేర్చుకోసాగాడు. 'కారు కావాలి' అన్నాడు. ఆ మాట వాడికే మోటుగా వినిపించింది. 'కారు ఒకసారి ఇప్పిస్తే' అన్నాడు. అదీ నచ్చలేదు. 'కారు ఖాళీగా ఉంటే' అయింది. తర్వాత 'తమకేం ఇబ్బంది లేకపోతే' వచ్చి ముందు కూర్చుంది. వాక్యం పొడుగవుతూ వచ్చింది. దాంట్లో చెల్లాయమ్మ ఎక్కడా లేదు. వాడి చెమట నాలోంచి కారి నేల మీద పడుతోంది. వాడి గుండె నన్ను కొడుతోంది. కిటికీ వైపు చూస్తాడు, వీధి వైపు చూస్తాడు, మళ్లీ కిటికీ వైపు. ఇంకాసేపట్లో లేస్తారు. ఇదిగో, ఇప్పుడు లేస్తారు. నీడ గోడ దిగి గేటు దాటింది. కారు తుడవడం అయిపోయి దానయ్య బీడీ ముట్టించుకున్నాడు.

వీధి మలుపులో మహలక్ష్మి కనబడింది. జుట్టు విడిపోయింది. ఆమె గేటు దగ్గర ఆగలేదు. తన్ని తోసుకుని లోపలికొచ్చింది.

"ఒరే అబ్బులూ, నీ నోట్లో మట్టి పడ! ఇక్కడ నిలబడ్డావా! దాని నోటెంట నురగొస్తోందిరా!"

ఆ కేకకి కూలర్ చప్పుడు కూడా ఆగినట్టయింది. పేర్రాజు లుంగీ బిగించుకుంటూ బయటికొచ్చాడు.

"ఏంటే? ఏమైంది?"

"చెల్లాయమ్మని పాము కరిచిందండి!"

"ఎప్పుడు?"

మహలక్ష్మి అబ్బులు వైపు చూసింది. దానయ్య చూశాడు, బీడీ వేళ్ల మధ్య కాలుతోంది. పేర్రాజు చూశాడు. నన్ను చంకలో పెట్టుకుని అబ్బులు నేల వైపు చూశాడు.

పేర్రాజు తాళాలు లాక్కుని తనే తోలాడు. బాగానే తోలాడు. చొక్కా కూడా వేసుకోలేదు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. వెనక సీట్లో అబ్బులు, వాడి ఒళ్లో చెల్లాయమ్మ తల. వాడి కాళ్లకి మట్టి ఉంది. కింద పరిచిన పట్టాకి అంటుతుందని రెండు కాళ్లూ ఎత్తి పెట్టుకున్నాడు. అవును, సరిగ్గానే చదివారు. పెళ్లాం ప్రాణం పోతుంటే కాళ్లు ఎత్తి పెట్టుకున్నాడు. ఆమె నోటి నురగ సీటు మీద పడకుండా నాతో తుడిచాడు. ఆమె ఒంటికి నేను పనికొచ్చింది ఆ ఒక్కసారే.

కాలవ లాకుల దగ్గర ఆమె కళ్లు కొంచెం తెరిచింది. నాలుక తిరగడం లేదు. అయినా నాకు వినబడింది, ఆమె పెదాల మీదే ఉన్నాను కదా.

"కేకేశావా?"

అబ్బులు నాతో ఆమె మూతి మళ్లీ తుడిచాడు. పట్నం రాకముందే ఆమె చల్లబడింది. ముందు సీట్లో ఉన్నాయనకి ఆ సంగతి చెప్పడానికి కూడా వాడు కాసేపు మాట పేర్చుకున్నాడు.

పెద్దకర్మ రోజు పేర్రాజు వచ్చాడు. చెల్లెలి వరస కాబట్టి పుట్టింటివాడి స్థానంలో కూర్చుని అబ్బులుకి కొత్తబట్టలు పెట్టాడు. జరీ అంచు కండువా తనే స్వయంగా వాడి భుజం మీద వేశాడు. అదే గుడ్డ పేర్రాజు పెడితే కండువా, అబ్బులు వేసుకుంటే తువ్వాలు. పందిట్లో అందరూ వింటుండగా కళ్లు తుడుచుకుని అన్నాడు.

"'బావా' అని ఒక్క కేక వేస్తే లేచేవాణ్ణి కదరా. నేను పరాయివాణ్ణా నీకు?"

పందిట్లో ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. ఎంత మంచి మనసు, ఎంత ఆస్తి ఉన్నా వరస మర్చిపోలేదు అన్నారు. పేర్రాజు నిజంగానే ఏడ్చాడు. ఆ వరండా, ఆ సోఫాలు, ఆ 'ఆఁ' ఆయనకి గుర్తులేవు. నటించలేదు. మర్చిపోయాడు. ఆస్తితో పాటు మర్చిపోయే హక్కు కూడా వస్తుంది. గుర్తుపెట్టుకునే పని కౌలుదారుది.

అక్కడ అబ్బులు అనగలిగింది ఒకటి ఉంది. 'ఒకసారి పిలిచాను బావా, నువ్వు పలకలేదు' అనాలి. నేను ఎదురుచూశాను. గుంజకి వేలాడుతూ ఎదురుచూశాను. వాడు తలవంచుకున్నాడు.

"తప్పు నాదేనండి" అన్నాడు.

అంటూనే చెయ్యి లేచింది. జరీ కండువా భుజం దిగి, ఉండలా చుట్టుకుని, చంకలోకి పోయింది. పాపం కొత్తది. దానికి దారి ఎవరూ చూపించనక్కర్లేకపోయింది.

నేను పేర్రాజుని క్షమించలేదు. ఆయనది నిద్రే కదా అంటారేమో. ఆ నిద్ర లేపకూడనిదని ఊరంతటికీ ఎలా తెలిసింది? అబ్బులునీ క్షమించలేదు. వాడు పేదవాడు కదా అంటారు. మహలక్ష్మి వాడికంటే పేదది. ఆమె గేటు తన్నింది. చెల్లాయమ్మ వాడి అన్నమే తిన్నది, వాడి కప్పు కిందే తడిసింది. ఆమె నోరు ఏనాడూ తగ్గలేదు. లేమి అందరికీ ఒకలాగే తగులుతుంది, లోపలికి మాత్రం కొందరే రానిస్తారు. అబ్బులు తలుపు తీసి, పీట వేసి కూర్చోబెట్టాడు.

కర్మ అయిన మర్నాడు అబ్బులు నన్ను గుంజ మీద నుంచి తీశాడు. చాలాసేపు చేతుల్లో పట్టుకుని చూశాడు. ఆ నురగ మరక ఉన్న చోట బొటనవేలితో రుద్దాడు. తర్వాత నన్ను తీసుకుని పొలం వెళ్లాడు. గింజ పాలుపోసుకునే వేళ, పిట్టల బెడద. రెండు కర్రలు అడ్డంగా కట్టి, చిరిగిన చొక్కా తొడిగి, లోపల గడ్డి కుక్కి, పైన మసికుండ బోర్లించి దిష్టిబొమ్మను నిలబెట్టాడు. దాని భుజం మీద నన్ను వేసి, గాలికి పోకుండా ముడివేశాడు. గట్టి ముడి. ఇంక ఏ చెయ్యీ నన్ను దించలేదు.

ఆ తర్వాత వాడు తువ్వాలు వేసుకోవడం మానేశాడు. ఉత్త భుజాలతో తిరుగుతాడు. చెమట ముంజేత్తో తుడుచుకుంటాడు. అన్నిటికీ కారణం నేనేనని అనుకున్నాడేమో. మనుషులు అంతే, చేతిని వదిలేసి గుడ్డని శిక్షిస్తారు.

ఈ చేను రోడ్డు పక్కనే. రోజూ ఆ కారు ఇటే పోతుంది. ఇప్పుడు కొత్త కారు, రంగు కూడా వేరు. దాన్ని ఏ గుడ్డతో తుడుస్తున్నారో నాకు తెలియదు. నా జత ఏ గుంటలో కుళ్లిపోయిందో. హారన్ మోగగానే గట్ల మీద వంగినవాళ్లందరూ నడుం ఎత్తుతారు, చేతులు భుజాల మీదికి పోతాయి. కలుపు తీస్తున్న అబ్బులు కూడా లేస్తాడు. వాడి చెయ్యి కూడా భుజానికి పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. వేళ్లు ఆ ఉత్త చర్మాన్ని తడుముతాయి, దురద పెట్టినట్టు గోకుతాయి, మెల్లగా చంక దాకా దిగి అక్కడ ఆగుతాయి. కారు కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడతాడు.

వాడి వెనక, రెండు చేతులూ బారచాపుకుని, కుండ తల ఎత్తుకుని, నన్ను భుజం మీద వేసుకుని ఇంకొకడు నిలబడి ఉంటాడు. ఈ ఊళ్లో ఆ కారుకి తువ్వాలు దించనివాడు వాడొక్కడే.

వాడి లోపల ఉన్నది గడ్డి.